చీరె తరుగు

హైదరాబాద్,
ఆగస్టు 3

ప్రియమైన వదినకు,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతావు. ఫోన్ చేస్తే దుకాణంలో అన్న స్పీకర్ ఆన్ చేస్తాడు, అమ్మ పక్కనే చెవి పెట్టి కూర్చుంటుంది, నువ్వేమో "అంతా బాగుంది" అని పెట్టేస్తావు. కాగితం మీద మాత్రం నువ్వు అబద్ధం రాయలేవు. పెళ్లయి మా ఇంటికి వచ్చిన రోజు నుంచి ఏ పూట ఏం వండావో డైరీలో రాసుకుంటున్న మనిషివి. నేను ఇంటికి వచ్చినప్పుడల్లా ఎన్ని గారెలు తిన్నానో కూడా అందులో ఉంటుందని నా అనుమానం.

సంగతి ఇది. నాలుగేళ్లుగా ఈ ఆఫీసులో ఇంకొకరి ఫైళ్లు మోశాను. ఇప్పటికి నేను తయారుచేసిన పథకం ఒకటి బయటికి వచ్చింది. పేరు "తేలిక". నలభై దాటిన ఆడవాళ్లు ఆరు నెలల్లో బరువు తగ్గించుకోవాలి. పది వార్డులు తీసుకున్నాం. అందులో మన వార్డు ఒకటి. ఎంపిక చేసింది ఎవరో అడగకు. సోమవారం సోమవారం పదకొండు గంటలకు కమ్యూనిటీ హాల్లో వ్యాయామం ఉంటుంది. ఒక ఆహార పట్టిక ఇస్తారు. మొదటి రోజు తూకం, తర్వాత రెండు నెలలకోసారి తూకం. ఫిబ్రవరిలో వచ్చే అంకెలను బట్టి పథకాన్ని ఉంచుతారో తీసేస్తారో తేలుతుంది. నా కాంట్రాక్టు మార్చి ముప్పై ఒకటి వరకే. పథకం నిలబడితే నేనూ నిలబడతాను, లేకపోతే లేదు. ఈ ముక్క అమ్మకు చెప్పకు.

నువ్వు చేరాలి వదినా. నీ బరువు గురించి నేనేమీ అనడం లేదు. (అన్నట్టే అనుకో.) హాల్లో ఏం జరుగుతుందో నెలకోసారి నిజంగా రాసేవాళ్లు నాకొకరు కావాలి. వార్డుల నుంచి వచ్చే వాట్సాప్ ఫొటోల్లో అందరూ చేతులెత్తి నవ్వుతూనే ఉంటారు.

నీ ఆడబిడ్డ
స్నేహలత


వరంగల్,
ఆగస్టు 20

చిరంజీవి స్నేహకు,

నీ మాట ప్రకారం చేరాను. పద్దెనిమిదో తేదీ సోమవారం మొదటి తూకం జరిగింది. నర్సు నవ్య తూచింది. మెడలో కార్డు వేసుకున్న సన్నటి పిల్ల, నోటి వెంట గట్టి మాట రాదు. మిషను నేల మీద పెడతారు. మేమెక్కి నిలబడితే కుచ్చిళ్లు అడ్డం వచ్చి అంకెలు మాకు కనబడవు. ఆమె వంగి, కుచ్చిళ్లు పక్కకు జరిపి, చదివి, మా పేరున్న పుస్తకంలో రాస్తుంది. నలభై మందిమి. నా అంకె డెబ్బై నాలుగు కిలోల ఆరు వందలు. చెప్పుల్లేకుండా, చీరెతో, గాజులతో.

మల్లక్క నీకు గుర్తుందిగా, మన వెనక వీధిలో గాజుల దుకాణం. ఆమె మిషను ఎక్కే ముందు చెవి కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. "జర పట్టుకో సుగుణా, గివి కూడ బరువే" అంది. ఎనభై ఒకటి వచ్చింది. "కమ్మలు తీసినా గింతనే ఆయె" అని మళ్లీ పెట్టుకుంది.

ఇక నీ పట్టిక. పొద్దున ఓట్స్, పదకొండింటికి ఆపిల్, మధ్యాహ్నం క్వినోవా, సాయంత్రం నానబెట్టిన చియా గింజలు. ఇది నువ్వే రాశావా తల్లీ? నీకు పొద్దున సద్దన్నం పెట్టి బడికి పంపింది మేమే కదా. మీ అన్న మాత్రం సంతోషించారు. పథకం వార్డులో ఉంది కాబట్టి గిరాకీ ఉంటుందని రెండు కిలోల క్వినోవా తెప్పించారు. ఇంతవరకు వంద గ్రాములు కూడా పోలేదు. మొన్న అత్తమ్మ ఒక గుప్పెడు తీసి పిట్టలకు వేసింది. "పిట్టలు గూడ తిరిగి చూస్తలేవు, మనుషులకు పెడతాన్రా" అంది.

ఇంకొకటి. పదకొండు గంటలంటే పనికి పోయేవాళ్లు రాలేరు. మిర్చి తొడిమలు తీసే పనికి పోయే చిలుకమ్మ ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చింది. ఆమెకు షుగరు కూడా ఉంది, నవ్యే రమ్మని చెప్పిందట. ప్రతి వారం రాలేను, తూకం రోజు మాత్రం వస్తానంది. మిగిలిన మాలో సగం మంది ఇంట్లో కూర్చున్నవాళ్లం, ఇక్కడికి వచ్చి కుర్చీల్లో కూర్చున్నాం.

నా వరకు నేను ప్రతి సోమవారం దుకాణం తెరవక ముందు మన బస్తాల కాంటా మీద కూడా తూచుకుంటున్నాను. అదే చీరె, అవే గాజులు, అదే గంట. నువ్వు నిజం రాయమన్నావు కదా, ఒక్కదాని మాటే నమ్మితే ఎట్లా.

మీ వదిన
సుగుణ


హైదరాబాద్,
సెప్టెంబర్ 6

వదినా,

పట్టిక నేను రాయలేదు. నేను జొన్నలు, రాగులు, పెసలు అని రాసి పంపితే, పైన ఎవరో "కొంచెం ఆధునికంగా ఉండాలి" అని మార్చారు. నా మాట నమ్మకపోతే పాత కాగితం పంపిస్తాను. పిట్టల సంగతి మా ఓంప్రకాశ్ సార్‌కు చెప్పాను. ఆయన మా పై అధికారి, మంచివాడే, నవ్వాడు. నవ్వి, పట్టిక మార్చాలంటే కొత్తగా ఫైలు పెట్టాలన్నాడు.

పదకొండు గంటల సంగతి నిజమే. హాలుకు తాళం తీసే మనిషి పదిన్నరకు గానీ రాడట. మనుషుల కోసం హాలా, హాలు కోసం మనుషులా అని అడగకు, జవాబు నాకు తెలుసు.

కాంటా మీద తూచుకోవడం మాత్రం మానెయ్. అది కందిపప్పు తూచేది.

స్నేహ


వరంగల్,
అక్టోబర్ 16

స్నేహకు,

సద్దుల బతుకమ్మ బాగా జరిగింది. మన ఇంట్లో నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పెరుగు సద్ది, చింతపండు పులిహోర, బెల్లం మలీదముద్దలు. దసరాకు మటన్. నేను తిన్నవన్నీ డైరీలో ఉన్నాయి, ఇక్కడ రాస్తే సిగ్గు.

పండుగ పోయిన పదకొండో రోజు రెండో తూకం. నవ్యను వేరే పనికి పంపారు. ఆమె బదులు హాలు తాళాలు చూసుకునే మొగిలయ్య తూచాడు. కేసముద్రం మార్కెట్లో ముప్పై ఏళ్లు ధాన్యం తూచిన దడువాయి అట. నెత్తికి తువ్వాల చుట్టుకుని, ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి, వంగి, అంకె చదివి, ఒక క్షణం ఆలోచించి, అప్పుడు రాస్తాడు. అంత శ్రద్ధగా తూచేవాణ్ణి నేను చూడలేదు.

అందరం తగ్గాం స్నేహా! ఒక్కరు కూడా పెరగలేదు. నేను డెబ్బై మూడు కిలోల రెండు వందలు. అంటే కిలో నాలుగు వందలు తగ్గాను. మల్లక్క రెండు కిలోలు. ఆమె సంబరం చూడాలి. "ఏం తిన్ననే సుగుణా! మలీదముద్దలు తింటనే తగ్గిన. ఇగ దీపావళికి ఇంకింత తింట" అంది. అప్పటికప్పుడు తన నాలుగు జాకెట్లు వదులైపోతాయని కోడలికి ఇచ్చేసింది.

మన కాంటా మీద నేను ఆరు వందల గ్రాములు పెరిగాను.

మీ అన్నతో చెప్పాను, "మన కాంటాలో ఏదో తేడా ఉందేమో" అని. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతుంటే, "నలభై ఏండ్ల దుకాణం. నా కాంటాను అనుమానించిన మొదటి గిరాకీవి నువ్వే" అన్నారు. కాంటా సరైనదని సర్కారు ముద్ర వేసిన కాగితం తెచ్చి కంచం పక్కన పెట్టారు.

ఇంకో చిన్న మాట. నలభై మందిలో పదమూడు మంది ఈసారి రాలేదు. వాళ్లను లెక్కలోకి తీసుకుంటారా?

సుగుణ


హైదరాబాద్,
అక్టోబర్ 29

ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం వచ్చిన రోజే వార్డుల అంకెలు కూడా వచ్చాయి. పది వార్డుల్లో మనదే మొదటిది! సగటున కిలోన్నర తగ్గారు. ఓంప్రకాశ్ సార్ మీటింగులో తెర మీద వరంగల్ పేరు పెద్ద అక్షరాలతో వేశారు. వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. నాలుగేళ్లలో నా పనికి చప్పట్లు మొదటిసారి విన్నాను. కళ్లు తుడుచుకోవడానికి బాత్రూముకు పోయి వచ్చాను. ఇది నవ్వుకోవడానికి రాస్తున్నాను, కానీ అబద్ధం కాదు.

రానివాళ్లను లెక్కలోకి తీసుకోరు. వచ్చినవాళ్ల సగటే. ఎక్కడైనా అంతే.

కాంటాను అనుమానించి అన్నను బాధపెట్టావు. అది నిజంగా తప్పే అయ్యుంటుంది. పప్పు తూచే కాంటాకు నీ మీద కోపం వచ్చిందేమో.

స్నేహ


వరంగల్,
నవంబర్ 18

స్నేహకు,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను. మూడోది ఇది.

మీ అన్న కాంటా నిజమో, హాలు మిషను నిజమో తేల్చుకోకపోతే నాకు నిద్ర పట్టదు. మనుషుల బరువు పూటపూటకూ మారుతుంది. బియ్యం బస్తా మారదు. నిన్న సోమవారం కంపెనీ కుట్టు విప్పని ఇరవై ఆరు కిలోల సన్నబియ్యం బస్తాను ఆటోలో వేసుకుని హాలుకు పోయాను. అందరూ నవ్వారు. "సుగుణా, తోడు తెచ్చుకున్నవా" అని మల్లక్క. "దీన్ని కూడ పథకంల రాయించు, నీకంటె ముందు సన్నబడతది."

మిషను మీద పెట్టించాను. ఈసారి కుచ్చిళ్లు అడ్డం లేవు. నా కళ్లతో చూశాను, ఇరవై ఆరు కిలోల వంద. మన కాంటా మీద కూడా పొద్దున అంతే వచ్చింది. రెండు తూకాలూ సరైనవే. గుండె కుదుటపడింది.

మొగిలయ్య వంగి చూశాడు. ఒక క్షణం ఆలోచించాడు. "ఇరవై అయిదున్నర రాసుకో అమ్మా" అన్నాడు.

"మిషను మీద ఇరవై ఆరు మీద వంద ఉన్నది గద మొగిలయ్యా. ఆరు వందలు ఏడ పోయినయి?"

"బస్తా పోను అమ్మా."

"మరి మాకు?"

"మీకు చీరె పోను."

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, అడిగినందుకు నాకే సిగ్గేసింది. తర్వాత ఓపిగ్గా నాకు నేర్పించాడు. ధాన్యం తూచితే గోనెసంచి బరువు తీసేయాలి, లేకపోతే కొన్నవాడికి అన్యాయం. మనిషిని తూచితే బట్ట బరువు తీసేయాలి, లేకపోతే మనిషికి అన్యాయం. నూలుచీరెకు కిలోంబావు, పట్టుచీరెకు రెండు కిలోలు, కాళ్లకు వెండి కడియాలుంటే ఇంకో కిలో. అక్టోబర్ తూకం రోజు నేను పసుపు బొట్టుకు పోవాల్సి ఉండి పట్టుచీరె కట్టుకున్నాను. డెబ్బై అయిదు కిలోల రెండు వందల్లోంచి రెండు కిలోలు తీసేసి రాశాడు. "నవ్యమ్మ చిన్నపిల్ల, తరుగు తియ్యనేర్వలే. నేనైతే ఎవలకూ ఒక్క గ్రాము ఎక్కువ పడనియ్య" అన్నాడు. కళ్లల్లో కల్మషం లేదు.

స్నేహా, మీ మీటింగులో చప్పట్లు కొట్టింది ఈ చీరెలకు.

నాకు నవ్వొస్తోంది. నీ ముఖం తలుచుకుంటే ఆగిపోతోంది. ఎవరికీ చెప్పలేదు. మల్లక్కకు కూడా వినబడలేదు, అప్పటికి టీ వచ్చింది.

మీ వదిన


హైదరాబాద్,
నవంబర్ 25

వదినా,

నేను నిన్ను సన్నబడమన్నాను. తనిఖీ చేయమనలేదు.

సగటు నివేదిక పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు "చీరెలు తీసేసి రాశారు సార్" అని చెప్పమంటావా? నాతోపాటు ఇంకో ఇద్దరు ఈ పథకం మీదే కాంట్రాక్టులో ఉన్నారు. ఫిబ్రవరి తూకం కూడా మొగిలయ్యే తూస్తాడు, అదే తరుగు తీస్తాడు, అంకె నిలబడుతుంది. ఏప్రిల్‌లో నా కొత్త కాంట్రాక్టు కాగితాలు అయ్యాక పద్ధతి సరిచేస్తాను. ఎవరికీ నష్టం లేదు. రెండు కిలోలు తగ్గామనుకుని ఆడవాళ్లు సంతోషంగా ఉన్నారంటే అందులో తప్పేముంది?

అప్పటిదాకా ఊరుకో. అడుగుతున్నాను.

స్నేహలత


వరంగల్,
డిసెంబర్ 19

స్నేహకు,

ఊరుకున్నాను. ఎనిమిదో తేదీన మూడో తూకం కూడా అయింది, నోరు విప్పలేదు. ఈ నెల రోజుల్లో నీకు ఏమీ రాయకపోవడం కూడా ఊరుకోవడంలో భాగమే.

ఇక్కడ చలి మొదలైంది. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి, ఆవనూనె రాస్తున్నాను. మీ అన్న మిగిలిన క్వినోవాను దోసెల పిండిలో కలిపించారు. దోసెలు పెనానికి అంటుకున్నాయి, మేం ఉప్మా చేసుకుని తిన్నాం.

చిలుకమ్మ సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయాలి.

మొన్న శుక్రవారం మార్కెట్ యార్డులో మిర్చి కుప్ప మీదనే పడిపోయింది. తోటివాళ్లు దవాఖానలో వేశారు. షుగరు నాలుగు వందల ఇరవై. నేను పోయేసరికి చేతికి సెలైన్ ఎక్కుతోంది. గోలీలు వేసుకుంటున్నావా అని డాక్టరమ్మ అడిగితే, పక్కన సంచిలోంచి మన పథకం పుస్తకం తీసి చూపించింది.

"తగ్గిన గదమ్మా. ఇండ్ల రాసున్నది, రెండుంబావు కిలోలు. బరువు తగ్గితే షుగర్ తగ్గుతదని మీ హాల్లనే చెప్పిన్రు. ఇగ గోలీలెందుకని బంద్ చేసిన."

అక్టోబర్ తూకం నుంచి వేసుకోలేదట. రెండు నెలలు. మొగిలయ్య ఆమెకు చీరెకు కిలోంబావు, కాళ్ల కడియాలకు ఇంకో కిలో తరుగు తీశాడు. రెండుంబావు కిలోలు. నేను అక్కడే నిలబడి లెక్క కట్టాను, ఒక్క గ్రాము తేడా లేదు. ఆమె నిజంగా ఏమీ తగ్గలేదు.

ఇప్పుడు బాగుంది. రేపు ఇంటికి పంపిస్తారు. నా చెయ్యి పట్టుకుని, "మీ స్నేహమ్మకు చెప్పు, నేను పథకం మానలేదని" అంది. భయపడుతోంది, రాకపోతే నీకు మాట వస్తుందేమోనని.

నవంబర్ పదిహేడునే నాకు తెలుసు. ఆ రోజే అందరి ముందు చెప్పి ఉంటే ఆమె ఇరవై అయిదు రోజుల ముందు గోలీ వేసుకునేది. నువ్వు ఊరుకోమన్న ఉత్తరం రావడానికి ముందే నేను ఊరుకున్నాను. కాబట్టి నీ మీద వేయడానికి నా దగ్గర ఏమీ లేదు. చిలుకమ్మకు మాత్రం నిజం చెప్పాను. మిగిలినవాళ్లకు నువ్వు చెప్తావో నేను చెప్పాలో రాయి.

సుగుణ


హైదరాబాద్,
జనవరి 2

వదినా,

నేనే చెప్తాను.

నవ్యను మళ్లీ మన హాలుకు వేయించాను. ఫిబ్రవరి తొమ్మిదిన ఆమె తూస్తుంది, మొదటి రోజు ఎట్లా తూచిందో అట్లాగే, చీరెతో, గాజులతో, చెప్పుల్లేకుండా. పుస్తకాల్లో అంకెలు తప్పని, గోలీలు ఎవరూ మానొద్దని ఆమె ఇప్పుడే ఇంటింటికీ తిరిగి చెప్పాలి. ఆ కాగితం మీద నా సంతకం పెట్టి పంపాను. రానివాళ్ల ఇళ్లకు కూడా మిషను తీసుకుని పోవాలి. నవ్యతో నువ్వు వెళ్లు, ఆ పిల్లకు గొంతు లేదు.

అంకె ఎంత వస్తే అంత రాయండి.

చిలుకమ్మను చూడటానికి వద్దామనుకున్నాను, ముఖం చెల్లలేదు.

స్నేహ


వరంగల్,
ఫిబ్రవరి 15

స్నేహకు,

తూకం అయింది. తొమ్మిదిన హాల్లో ఇరవై ఒకరు. తర్వాత అయిదు రోజులు నవ్య, నేను, మిషను, ముగ్గురం ఆటోలో తిరిగాం. ఇద్దరు ఊరు మారిపోయారు. మిగిలిన ముప్పై ఎనిమిది మందీ దొరికారు. మానేసినవాళ్లలో ఇద్దరు మమ్మల్ని చూసి తలుపు వేసుకున్నారు. మల్లక్కను వెంట తీసుకుపోయాక తీశారు.

సగటున ఒక్కొక్కరు తగ్గింది నూటతొంభై గ్రాములు. నేను రెండు వందలు తగ్గాను, సగటు కంటే పది గ్రాములు మేలు. అది కూడా ఆ అయిదు రోజుల తిరుగుడు వల్లే అని మీ అన్న.

మూడు కిలోలకు పైగా తగ్గినవాళ్లు ముగ్గురున్నారు. ఒకామెకు టైఫాయిడ్ వచ్చింది. ఒకామె రెండు కిలోమీటర్ల దూరంలో బడిలో ఆయాగా చేరి రోజూ నడిచిపోతోంది. మూడో మనిషి మల్లక్క. డిసెంబర్ నుంచి వంట కోడలి చేతికి పోయింది. "అది పెట్టింది ఎవలు తింటరే" అని తనే చెప్పింది. ఈ మూడింటిలో పథకం వంతు ఎంతని రాయాలి అని నవ్య నన్ను అడిగింది. గడి ఖాళీగా వదిలెయ్ అన్నాను.

జనం ఎట్లా తీసుకున్నారో రాయాలి కదా. మల్లక్క ముందు మండిపడింది, కోడలికిచ్చిన జాకెట్లు అడిగితే అది కుట్లు విప్పి తన కొలతకు బిగించుకుందట. కొందరు నవ్వారు. ఒకామె మాత్రం పుస్తకం నా ఒళ్లో పడేసి, "మా ఆయన ముంగట ఎంత గొప్పగ చెప్పుకున్ననో నీకు తెల్వదు" అని ఏడ్చుకుంటూ పోయింది.

మొగిలయ్య నాలుగు రోజులు హాలు తాళం నవ్య చేతికిచ్చి దూరంగా కూర్చున్నాడు. తన తరుగు వల్ల చిలుకమ్మకు అట్లా అయిందని తెలిసి, ఒక డజను అరటిపళ్లు తీసుకుని ఆమె ఇంటికి పోయాడట. షుగరు మనిషికి అరటిపళ్లేమిటని ఆమె తిట్టి, కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

అంకెలన్నీ వేరే కాగితం మీద పెట్టాను. నీకు ఏది మంచిదో అది చెయ్యి అని రాయను. నువ్వేం చేయబోతున్నావో నాకు తెలుసు.

సుగుణ


హైదరాబాద్,
మార్చి 8

వదినా,

అయిపోయింది.

మీటింగులో నివేదిక చదివాను. "నూటతొంభై గ్రాములా? అది ఒక పూట చాయ్ బిస్కెట్ల బరువమ్మా" అన్నారు ఓంప్రకాశ్ సార్. అవును సార్ అన్నాను. మిగతా తొమ్మిది వార్డుల్లో ఎవరు ఎట్లా తూచారని ఒకాయన అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే ఎవరికీ తెలియదు. చిలుకమ్మ సంగతి, పదకొండు గంటల సంగతి, మానేసినవాళ్లను వదిలేసిన సంగతి కూడా చదివాను. చివర ఒక వాక్యం రాశాను: "ఈ పథకం వల్ల బరువు తగ్గిందని చెప్పడానికి ఆధారం లేదు." రాశాక బాగా ఆకలేసింది.

బయటికి వచ్చాక సార్ నన్ను పిలిచి, "ఒక్క నెల ఆగితే నీ కాగితాల మీద సంతకం అయిపోయేది" అన్నారు. తిట్టినట్టు కాదు, జాలిపడినట్టు. పథకం మూసేశారు. నాతోపాటు కాంట్రాక్టులో ఉన్న ఆ ఇద్దరిని వేరే విభాగంలో సర్దుతామన్నారు. నన్ను సర్దుతామనలేదు. ముప్పై ఒకటి నా ఆఖరి రోజు.

నిన్ను పదకొండు రోజులు తిట్టుకున్నాను. నవంబర్‌లో, నీ బియ్యం బస్తా ఉత్తరం వచ్చాక. అది నీ డైరీలో రాసుకో.

అమ్మకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. దుకాణంలో కూర్చోను, నౌకరీ చేస్తానని పట్టుబట్టి వచ్చాను. ఇప్పుడు ఏ ముఖంతో రాను? నువ్వు చెప్పు వదినా. నీకు చేతనవుతుంది.

స్నేహ


వరంగల్,
మార్చి 14

స్నేహకు,

చెప్పాను. ఎట్లా చెప్పాలో నాకూ తెలియక, నీ ఉత్తరమే చదివి వినిపించాను. అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది.

"తూకం తప్పు చెప్పుమన్నరా దాన్ని?" అని అడిగింది.

"చెప్పుమనలేదు అత్తమ్మా. ఊకుంటే నౌకరీ ఉండేది."

"ఊకోలేదా?"

"ఊకోలేదు."

చిక్కుడుకాయల గిన్నె నా ముందుకు నెట్టి లేచింది. మోకాళ్ల నొప్పి మొదలైనప్పటి నుంచి దుకాణం మెట్టెక్కని మనిషి, ఎక్కి మీ అన్నను జరగమని గద్దె మీద కూర్చుంది. వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పడం మొదలుపెట్టింది. "మా చిన్నదాని నౌకరీ పోయింది. తూకం సరిగ్గ చెప్పినందుకు పోయింది. ఈ లక్ష్మీనర్సమ్మ బిడ్డ!"

మీ అన్నకు తల తీసేసినట్టయింది. "అమ్మా, నౌకరీ పోయిన ముచ్చట ఊరంత చాటుతరా?" అన్నారు.

"ఏ, దొంగతనం చేసి పోయిందారా? నీకేం ఫికర్?"

పొద్దు గూకే వరకు ఇరవై ఆరుగురికి చెప్పింది. నేను వంటింట్లోంచి లెక్కపెట్టాను. ఒకాయన అంతా విని, అయితే నా పెసరపప్పు కూడా మళ్లీ ఒకసారి తూచండమ్మా అన్నాడు. తూచింది. పది గ్రాములు ఎక్కువుంది. వెనక్కి తీసుకుంది.

చిలుకమ్మ రోజూ పనికి పోతూ మన గడప ముందు ఆగి గోలీ చూపించి వేసుకుని పోతోంది. నేనేమీ అడగను. "మీ స్నేహమ్మ ఎప్పుడు వస్తది?" అని తనే అడుగుతుంది. ఏప్రిల్ ఒకటిన వస్తావని చెప్పాను. పొద్దుటి రైలుకు రా, మీ అన్న కాజీపేట స్టేషన్‌కు వస్తారు. తర్వాత ఏం చేయాలో తర్వాత చూద్దాం. నవ్య నీతో ఏదో మాట్లాడాలంటోంది, పొద్దున ఏడు గంటలకు, హాలు లేకుండా, పట్టిక లేకుండా ఏమైనా చేయొచ్చా అని. నేను మాట ఇవ్వలేదు.

అత్తమ్మ నిన్ను చూడగానే చిక్కిపోయావని గుండెలు బాదుకుంటుంది. ఆ తూకం మాత్రం ఎవరం సరిచేయలేం.

మీ వదిన
సుగుణ